రక్షణ ఉచితమైతే కొందరు ఎందుకు వద్దంటారు?

రక్షణ, అంటే పాపం నుంచి విడుదల, దేవుడిచ్చే వరమని ఎఫెసీ 2:8 చెబుతుంది. అయినా తెలిసి తెలిసి వెనుదిరిగినవాళ్లు బైబిల్లోనే ఉన్నారు.

మార్కు 10లో ధనవంతుడు పరుగెత్తుకొచ్చి మోకరించాడు. చిన్నప్పటి నుంచీ ఆజ్ఞలు పాటించానన్నాడు. యేసు అతణ్ణి ప్రేమించాడని కూడా మార్కు రాశాడు. ఆస్తి అమ్మి, బీదలకిచ్చి రమ్మనేసరికి ముఖం చిన్నబుచ్చుకొని వెళ్లిపోయాడు. చదివిన ప్రతిసారీ గుండె కోసే ఘట్టమిది. అతనికి అడ్డుపడింది అపనమ్మకమని అక్కడ లేదు, ఆస్తి అని ఉంది.

ఫేలిక్సుది వాయిదా. నీతి, ఆశానిగ్రహం, రాబోయే తీర్పు గురించి పౌలు చెబుతుంటే ఈ రోమా అధిపతి భయపడ్డాడు. కానీ సమయమైనప్పుడు పిలిపిస్తానన్నాడు, పౌలు నుంచి డబ్బు ఆశించాడు, అలాగే రెండేళ్లు గడిచాయి (అపొస్తలుల కార్యములు 24). భయం వేరు, మారుమనస్సు వేరు.

యేసును నమ్మినా, సమాజమందిరం నుంచి వెలివేస్తారని నోరు విప్పని అధికారులూ ఉన్నారు (యోహాను 12:42). చెడు క్రియలు బయటపడతాయని వెలుగులోకి రానివాళ్ల సంగతి యోహాను 3:20 చెబుతుంది.

అసలు మనిషి దేవుని కృపను ఎదిరించగలడా? డచ్ వేదాంతి ఆర్మీనియస్ అనుచరులైన ఆర్మీనియన్లు అవునంటారు. 1618–19లో నెదర్లాండ్స్‌లో జరిగిన సంస్కరణ సంఘాల డోర్ట్ సభ మాత్రం, ఎవరు రక్షణ పొందాలన్న దేవుని ఏర్పాటే (ఎంపికే) నిలుస్తుందని తీర్మానించింది. అవిశ్వాసానికి దోషం మాత్రం మనిషిదేనని ఇరుపక్షాలూ ఒప్పుకుంటాయి.