ఎల్‌ఎస్ పలికినంత మాత్రాన యూనిక్సేనా?

ప్రశ్న: మా ల్యాబులో విండోస్ మీద గిట్ బాష్ (యూనిక్స్ కమాండ్లు నడిపే టెర్మినల్) వేశారు. ఎల్‌ఎస్, గ్రెప్ కమాండ్లు, ఒకదాని అవుట్‌పుట్‌ను మరోదానికి పంపే పైపు అన్నీ నడుస్తున్నాయి. ‘ఇంకేం, ఇదీ యూనిక్సే’ అంటాడు మావాడు. అసలు లైనక్స్‌కే ఆ పేరు లేదంటారు గదా! మరి దేన్ని యూనిక్స్ తరహా అనాలి?
– డిగ్రీ విద్యార్థి, కావలి

జవాబు: పేరు సంగతి ముందు తేల్చేద్దాం. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం పేరు ఓపెన్ గ్రూప్ అనే ప్రమాణాల సంస్థ ట్రేడ్‌మార్కు. వాళ్ల పరీక్షలు నెగ్గి, రుసుం కట్టినవాళ్లకే ఆ పేరు దక్కుతుంది. మ్యాక్ 2007లో 10.5 వెర్షనుతో దాన్ని తెచ్చుకుంది. ఉబుంటు, డెబియన్ లాంటి లైనక్స్‌లు ఆ జోలికి పోలేదు. పోనీయండి, సర్టిఫికెట్ కాదు, లోపలి నడవడి చూడాలి.

ఎల్‌ఎస్, గ్రెప్ మామూలు ప్రోగ్రాములు. ఎక్కడైనా కంపైల్ చేసుకోవచ్చు. అసలు గుట్టు ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాము) పుట్టుకలో ఉంది. ఫోర్క్ పిలిస్తే నడుస్తున్న ప్రోగ్రాముకు నకలు పుడుతుంది. ఆ నకలు ఎగ్జెక్ పిలిచి కొత్త ప్రోగ్రాముగా మారుతుంది. ఈ రెంటి మధ్య సందులోనే షెల్ (మన కమాండ్లు నడిపే ప్రోగ్రాము) 1వ నంబరు డిస్క్రిప్టర్‌ను, అంటే అవుట్‌పుట్ దారిని, ఫైలుకో పైపుకో తగిలించేస్తుంది. వరుసలు పేర్చే సార్ట్ కమాండుకు తన అవుట్‌పుట్ ఎటు పోతోందో తెలియనక్కర్లేదు. విండోస్ ప్రోగ్రాములకు ఇలాంటి ఫోర్క్ లేదు. గిట్ బాష్ కొత్త ప్రాసెస్ తెరిచి, అందులోకి మెమరీ కాపీ చేసి ఆ వేషం కడుతుంది. పెద్ద స్క్రిప్టులు అందులో ఈడుస్తూ నడిచేది అందుకే.

ఇంకోటి చేసి చూడండి. ఏదైనా ఫైలు మీద సీహెచ్‌మోడ్ 000 (అనుమతులన్నీ తీసే కమాండు) కొట్టి, ఎల్‌ఎస్ -ఎల్ ఇవ్వండి. లైనక్స్‌లో అనుమతుల అక్షరాలు పోయి గీతలే మిగులుతాయి. క్యాట్‌తో ఫైలు తెరవబోతే ‘పర్మిషన్ డినైడ్’. రూట్‌గా (సర్వాధికారాలున్న ఖాతా) ఉండి చేయకండి, రూట్‌కు అడ్డుండదు. గిట్ బాష్‌లో ఆర్ (చదివే అనుమతి) అక్షరాలు అలాగే ఉంటాయి, ఫైలూ తెరుచుకుంటుంది.

ప్రశ్న: లైనక్స్ సర్వర్లో డిస్కు నిండితే 20 జీబీ లాగ్ ఫైలు చెరిపేశాం. డీఎఫ్‌లో (డిస్కు ఖాళీ చూపే కమాండు) చోటు మాత్రం పెరగలేదు. వైరసా?
– ఒంగోలు పాఠకుడు

జవాబు: కాదు, ఇదీ యూనిక్స్ లక్షణమే. చెరిపే ఆర్‌ఎమ్ కమాండు తీసేది పేరును మాత్రమే. ఏ ప్రోగ్రామైనా ఆ ఫైలును తెరిచి పట్టుకున్నంతసేపు బ్లాకులు ఖాళీ కావు. రూట్‌గా ‘ఎల్‌ఎస్‌ఓఎఫ్ +ఎల్1’ ఇవ్వండి (ఎల్‌1లో ఎల్ పెద్దక్షరం). పేరు పోయినా తెరిచి ఉన్న ఫైళ్లు, వాటిని పట్టుకున్న పీఐడీలు (ప్రాసెస్ నంబర్లు) కనబడతాయి. ఆ సర్వీసును రీస్టార్ట్ చేస్తే చోటు తిరిగొస్తుంది. ఇకమీదట చెరపకుండా, ఫైలును ఖాళీ చేసే ‘ట్రంకేట్ -ఎస్ 0’ వాడండి. అయితే అపెండ్ పద్ధతిలో (ఎప్పుడూ చివర చేరుస్తూ) రాయని ప్రోగ్రాము పాత చోటునుంచే రాయడం మొదలెడుతుంది. అప్పుడు ఎల్‌ఎస్‌లో మళ్లీ 20 జీబీ అనే చూపిస్తుంది, డిస్కులో నిజంగా పట్టిన చోటు చెప్పే డీయూలో మాత్రం కొద్దిగానే ఉంటుంది. కంగారు పడొద్దు, డీయూ లెక్కే నిజం.