మొదటి వేట కత్తి సొంతంగా కొట్టుకుని జింక కొమ్ము పిడి వేయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు టెక్సాస్‌లో ఉంటున్నారు, ఫ్రెండ్ వాళ్ళ ర్యాంచ్‌లో రాలిపడిన వైట్‌టెయిల్ జింక కొమ్ము వాళ్ళే ఇచ్చారు, దాంతో పిడి వేసి నాలుగంగుళాల వేట కత్తి చేసి కరీంనగర్‌లో నాన్నగారికి ఇద్దామని రాశారు, పాత పికప్ కమాన్ కట్ట పనికొస్తుందా అని కూడా అడిగారు. నేనూ ఇక్కడే గరాజ్‌లో చిన్న గ్యాస్ కొలిమి పెట్టుకుని వీకెండ్స్‌లో కత్తులు కొడుతుంటా, నా అనుభవంలో తేలింది చెప్తా.

ముందు కొమ్ము చూసుకోండి, ఇనుము సంగతి తర్వాత. చాలామంది బ్లేడ్ కొట్టేసి దానికి సరిపోయే కొమ్ము కోసం వెతుక్కుంటారు, నాకది అస్సలు నచ్చదు. ఇనుము కాలిస్తే చెప్పినట్టు వంగుతుంది, కొమ్ము వంగదు కదా. పట్టుకి కుదిరే నాలుగున్నర అంగుళాల ముక్క ఎక్కడొస్తుందో, దాని వంపు అరచేతిలో ఎటు కూర్చుంటుందో చూసి, కాగితం మీద దాని చుట్టూ గీత గీసి, అక్కడ్నించి బ్లేడ్ బొమ్మ వేయండి. పిడిలోకి దూరే తోక కూడా ఆ వంపులోనే కొట్టాలి.

కమాన్ కట్ట వద్దు. స్టీల్ మంచిదే, కానీ ఏళ్ళ తరబడి బరువు మోసిన దాంట్లో కంటికి కనపడని పగుళ్ళు ఉండొచ్చు, అవి నూనెలో ముంచినప్పుడు బయటపడతాయి, అప్పటికి మీ పనంతా పోయినట్టే. 1084 అనే కార్బన్ స్టీల్ పట్టీ కొత్తది కొనుక్కోండి, మొదటిసారికి దానంత సులువైంది ఇంకోటి లేదు. నారింజ రంగులో ఉన్నప్పుడే కొట్టండి, ముదురు ఎరుపుకి దిగితే మళ్ళీ కొలిమిలోకి. అంచు పలచన చేసే కొద్దీ బ్లేడ్ దానంతటదే వీపు వైపు పైకి లేస్తుంది, అందుకే ముందే ముక్కుని కిందికి కొంచెం వంచి మొదలుపెడితే చివరికి సరిగ్గా వస్తుంది. ఆకురాయితో రుద్దేటప్పుడు అంచు ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం వదిలేయండి, ఇప్పుడే పదును తీస్తే క్వెంచ్‌లో, అంటే కాల్చిన బ్లేడ్‌ని నూనెలో ముంచి చల్లార్చేటప్పుడు, వంకర పోతుంది.

అసలు కత్తి తయారయ్యేది ఇక్కడే. అయస్కాంతానికి అంటుకోవడం మానేసిన వేడి దాదాపు 770 డిగ్రీల సెల్సియస్, అక్కడ ఆపకుండా ఇంకాస్త, 815 దాకా తీసుకెళ్ళి, 55 డిగ్రీలకి వెచ్చబెట్టిన కనోలా నూనెలో నిటారుగా ముంచాలి. పైకి తీశాక ఆకురాయి పట్టకుండా జారితే గట్టిపడినట్టే. కానీ ఆ స్థితిలో అది గాజు, కింద పడితే విరుగుతుంది, అందుకే ఆలస్యం చేయకుండా అవెన్‌లో 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండేసి గంటలు రెండుసార్లు పెట్టండి.

ఇక పిడి. కొమ్ము పైపొర గట్టి ఎముక, లోపలంతా చిల్లులు చిల్లులుగా మెత్తగా ఉంటుంది. ఒకప్పుడు ఇంగ్లండ్‌లో కత్తులకి పేరున్న షెఫీల్డ్ ఊరివాళ్ళు మన సాంబార్ జింక కొమ్ముల కోసం పడిచచ్చింది ఆ మెత్త భాగం తక్కువనే, 1990ల చివర్లో ఇండియా ఎగుమతి ఆపేసింది. వైట్‌టెయిల్‌లో అది ఎక్కువ కాబట్టి తోకకి సరిపడా బొరియ చేసి, వదులు భాగం గీకేసి, ఎపాక్సీ జిగురు నిండా పోసి కూర్చోబెట్టండి, ఒక ఇత్తడి పిన్ను కూడా వేయండి. పైన గరుకుని సాండ్‌పేపర్‌తో నున్నగా చేసేయకండి, చేతికి పట్టు ఇచ్చేది అదే. కొమ్ము దుమ్ము ఊపిరితిత్తులకి చాలా చెడ్డది, మంచి మాస్క్ లేకుండా ముట్టుకోవద్దు.

ఒక్క విషయం గట్టిగా చెప్తున్నా, ఈ కత్తిని కరీంనగర్ తీసుకెళ్ళకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దగ్గర దుప్పి, సాంబార్ కొమ్ములు రాలిపడినవైనా సరే అనుమతి లేకుండా దగ్గర పెట్టుకోకూడదు, మీది టెక్సాస్ జింకదని అక్కడ అధికారికి ఎలా రుజువు చేస్తారు? కొమ్ము కత్తి మీరు ఉంచుకోండి, నాన్నగారి కోసం ఇంకో బ్లేడ్ కొట్టి, అక్కడికెళ్ళాక గేదె కొమ్ముతోనో తుమ్మ చెక్కతోనో పిడి వేయండి. బ్లేడ్ చెకిన్ లగేజ్‌లోనే పెట్టాలి. స్టెయిన్‌లెస్ కాదని ఆయనకి చెప్పండి, మాంసం కోశాక వెంటనే కడిగి తుడిచి కొబ్బరినూనె రాయాలి, తోలు ఒరలో రోజుల తరబడి ఉంచితే తుప్పు పడుతుంది.