లేటరల్ ఎంట్రీ సరే, మరి లేటరల్ థింకింగ్?

ప్రశ్న: నేను పాలిటెక్నిక్‌లో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్) చేసి, డిప్లొమా వాళ్ళ ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరాను. ఇప్పుడు ఫైనలియర్. ఈమధ్య అమీర్‌పేటలోని ఒక కోచింగ్ సెంటర్‌లో మాక్ ఇంటర్వ్యూకి వెళ్తే, 'ఆర్ యూ ఎ లేటరల్ థింకర్?' అని అడిగారు. 'యెస్ సర్, ఈసెట్ ద్వారా లేటరల్ ఎంట్రీలో వచ్చాను' అన్నాను. ప్యానెల్‌లో అందరూ నవ్వారు. తర్వాత వాళ్ళే, లేటరల్ థింకింగ్ మీద వారం రోజుల వర్క్‌షాప్ ఉంది, సర్టిఫికెట్ ఇస్తాం, ఫీజు ఆరు వేలు అన్నారు. నాన్న చేరమంటున్నారు. అసలు ఆ మాటకి అర్థం ఏంటి? రెజ్యూమెలో రాసుకోవచ్చా? నా దగ్గర చెప్పుకోదగ్గ ప్రాజెక్టులు కూడా లేవు. డిప్లొమాలో ఉన్నప్పుడు, హాస్టల్ ట్యాంకు నిండగానే మోటర్ ఆగిపోయేలా ఒక సర్క్యూట్ చేశాం. ముందు నీటి మట్టం కొలవడానికి అల్ట్రాసోనిక్ సెన్సర్ (శబ్ద తరంగాలతో దూరం కొలిచేది) పెడితే తప్పుడు రీడింగులు ఇచ్చింది. చివరికి ఓవర్‌ఫ్లో పైపులో రెండు రాగి తీగలు పెట్టి, నీళ్ళు వాటిని తాకగానే మోటర్ ఆగేలా సరిపెట్టాం. అంతే.
– ఒక విద్యార్థి, ఉప్పల్

జవాబు: మీ జవాబుకి వాళ్ళు నవ్వారు గానీ, అందులో మీరు సిగ్గుపడాల్సిందేమీ లేదు. మన దగ్గర పాలిటెక్నిక్ చదివినవాళ్ళకి లేటరల్ అంటే ఈసెట్టే. చేరిన రోజు నుంచీ 'లేటరల్ వాళ్ళు' అని పిలిపించుకుంటున్న కుర్రాడికి ఇంకో అర్థం ఎలా తడుతుంది? కాకపోతే ఉద్యోగాల వేటలో ఈ మాట ఇంకా రెండు మూడు చోట్ల ఎదురవుతుంది. ముందే తెలుసుకుని ఉండటం మంచిది.

జాబ్ పోర్టల్‌లో 'లేటరల్ హైరింగ్' అని కనిపిస్తే అప్లై చేసి టైమ్ వృథా చేసుకోకండి. అది వేరే కంపెనీల్లో అనుభవం ఉన్నవాళ్ళని తీసుకోవడం, ఫ్రెషర్లకి కాదు. రేపు ఉద్యోగంలో చేరాక 'లేటరల్ మూవ్' అని వింటారు. అదే స్థాయిలో వేరే టీమ్‌కి మారడం అన్నమాట, ప్రమోషన్ కాదు. వీటన్నిటిలోనూ ఉన్నది ఒకటే భావం: పైకి కాదు, కిందికి కాదు, పక్కకి.

ఆలోచన విషయంలో ఈ మాటను వాడుకలోకి తెచ్చినవాడు ఎడ్వర్డ్ డి బోనో. మాల్టా దేశస్థుడు, చదివింది వైద్యం, ఆ తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో మనస్తత్వశాస్త్రం కూడా చదివాడు. 1967లో ఈ పేరు పెట్టాడు. 2021లో చనిపోయాడు. ఒక మెట్టు మీద ఇంకో మెట్టు పేర్చుకుంటూ తర్కంతో వెళ్ళేదాన్ని ఆయన వర్టికల్ థింకింగ్ అన్నాడు. ముందే అనుకున్నదాన్ని వదిలి, సమస్యని పక్కనుంచి చూడటం లేటరల్ థింకింగ్. తవ్విన గొయ్యినే ఇంకా లోతుగా తవ్వినంత మాత్రాన వేరే చోట గొయ్యి పడదు కదా అని ఆయన వాదన. మీ ఉప్పల్ వైపు కాలనీల్లో బోరు వేయించిన వాళ్ళనడిగితే ఈ సంగతి ఇంకా బాగా చెబుతారు. ఎనిమిది వందల అడుగులు దిగినా తడి తగల్లేదు. ఇంకో రెండు వందలు దింపుదాం అంటాడు ఒకాయన. అసలు ఈ మూలే పాయింట్ అని ఎవరన్నారు, మెట్ల పక్కన ఎందుకు చూడలేదు అంటాడు ఇంకొకాయన. ఆ రెండో ఆయనది లేటరల్ థింకింగ్. ఆయన చెప్పినచోట నీళ్ళు పడతాయని గ్యారంటీ ఏమీ లేదు, అది గుర్తుంచుకోండి.

తెనాలి రామలింగడు దొంగలచేత పెరట్లోని మొక్కలకి నీళ్ళు పోయించిన కథ మీరు చిన్నప్పుడు వినే ఉంటారు. పొదల్లో నక్కిన దొంగల్ని ఎలా తరమాలి అని ఎవరైనా ఆలోచిస్తారు. ఆయన మాత్రం, వచ్చినవాళ్ళతో మనకేం పని చేయించుకోవచ్చు అని ఆలోచించాడు. నగలు బావిలో వేస్తున్నానని పెళ్ళాంతో వినపడేలా చెప్పి లోపలికి వెళ్ళి పడుకున్నాడు. దొంగలు తెల్లవార్లూ నీళ్ళు తోడి పోశారు. ఆయన ఇచ్చింది కొత్త జవాబు కాదు, ప్రశ్ననే మార్చేశాడు.

ఉద్యోగ ప్రకటనల్లో దీని పక్కనే ఎనలిటికల్ థింకింగ్, క్రిటికల్ థింకింగ్ అని కూడా రాస్తుంటారు. మూడూ ఒకటే అనుకుని కలగాపులగం చేసేవాళ్ళు హెచ్‌ఆర్‌లలోనూ ఉన్నారు. ప్రపంచ ఆర్థిక వేదిక 2025 నివేదికలో కంపెనీలు అన్నిటికన్నా ఎక్కువగా కోరుకునే నైపుణ్యంగా చెప్పింది ఎనలిటికల్ థింకింగ్‌నే. తేడా తెలియడానికి మీ హాస్టల్ ట్యాంకునే తీసుకుందాం. మోటర్ రోజూ ఏ టైమ్‌కి వేస్తున్నారు, ఎంతసేపటికి నిండుతోంది, ఎన్ని లీటర్లు పొంగిపోతోంది అని విడగొట్టి లెక్క తీయడం ఎనలిటికల్. 'మోటర్‌లోనే లోపముంది సార్, కొత్తది కొనాలి' అని వాచ్‌మన్ అంటే, నిజమేనా, ఆధారమేంటి అని నిలదీయడం క్రిటికల్. ఈ మాటకి తప్పులెన్నడం అని అర్థం చెప్పుకునేవాళ్ళున్నారు, అది కాదు. ఇక నీటి మట్టాన్ని కచ్చితంగా కొలవడానికి అందరూ కుస్తీ పడుతుంటే, అసలు మట్టంతో మనకేం పని, నిండిందా లేదా తెలిస్తే చాలదా అని అడగడం లేటరల్.

చూశారా, 'సరిపెట్టాం, అంతే' అని మీరు ఒక్క ముక్కలో తేల్చేసిన పని అదే. ఉత్తరం మొత్తంలో నాకు పనికొచ్చే వాక్యం అదొక్కటే కనిపించింది. మీరేమో దాన్ని చివర్లో, క్షమాపణ చెబుతున్నట్టు రాశారు.

విద్యార్థులు ఎక్కువగా వాడే అల్ట్రాసోనిక్ సెన్సర్‌కి 2 సెంటీమీటర్ల కంటే దగ్గరకొచ్చినదాన్ని కొలవడం చేతకాదు. మూతపెట్టిన ట్యాంకులో తేమ పేరుకుని దాని మీద చుక్కలు పడితే రీడింగ్ అడ్డదిడ్డంగా వస్తుంది. మీకు తప్పుడు అంకెలు రావడానికి బహుశా ఇవే కారణాలు. ఇంకొకరైతే ఇంకా ఖరీదైన సెన్సర్ కొనేవాళ్ళు. మీరు కొలవడమే మానేశారు. ఇంటర్వ్యూలో 'ఏదైనా సమస్యని భిన్నంగా పరిష్కరించారా?' అని అడిగితే ఇదే చెప్పండి, నిమిషంన్నరలో. ముందు మేమంతా ఏం అనుకున్నాం, అది ఎక్కడ కుదరలేదు, ఏ అంచనాని వదిలేశాం, ఖర్చు ఎంత తగ్గింది. ఖర్చు అంకె కోసం అప్పటి టీమ్‌మేట్స్‌ని అడిగి కనుక్కోండి, ఉజ్జాయింపుగా చెబితే దొరికిపోతారు.

తర్వాత ప్రశ్న ఎక్కడినుంచి వస్తుందో కూడా చెబుతాను. 'రాగి తీగలు నీళ్ళలో ఉంటే ఏమవుతుంది?' ఈసీఈ వాళ్ళని ఇది అడక్కుండా వదలరు. డీసీ కరెంటు పోతే ఎలక్ట్రాలిసిస్ జరిగి ఒక తీగ కరుగుతూ పోతుంది, పచ్చటి చిలుము పడుతుంది. మీ తీగలున్నది ఓవర్‌ఫ్లో పైపులో కాబట్టి ట్యాంకు నిండినప్పుడే తడుస్తాయి, మిగతా సమయం పొడిగా ఉంటాయి, అందుకే ఎక్కువ కాలం వస్తాయి అనండి. ఆ పైపు చెత్తతో మూసుకుపోతే ఈ ఏర్పాటు పనిచెయ్యదని అడగకముందే మీరే చెప్పండి. లోపం తనే చెప్పే అభ్యర్థి మీద ప్యానెల్‌కి నమ్మకం పెరుగుతుంది. ఇది నేను ఇంటర్వ్యూలు చేసిన అనుభవంతో చెబుతున్న మాట.

రెజ్యూమెలో మాత్రం 'లేటరల్ థింకర్' అని రాయకండి. 'హార్డ్ వర్కింగ్', 'క్రియేటివ్' లాంటివి ఉంటే అవీ తీసేయండి. ఆ జాగాలో ట్యాంకు ప్రాజెక్టుని రెండు లైన్లలో పెట్టండి. ఇంగ్లీషులో ఆ మాట వాడాల్సి వస్తే 'ఎ లేటరల్ థింకింగ్' అనకూడదు, ముందు 'ఎ' రాదు, చివర 'ఎస్' రాదు. మనిషిని గురించైతే 'ఎ లేటరల్ థింకర్' అనవచ్చు. అసలు ఆ మాట మీ నోట రాకుండానే ఎదుటివాళ్ళకి ఆ సంగతి అర్థమైతే ఇంకా మంచిది.

ఇంకో జాగ్రత్త. క్యాంపస్ ఆప్టిట్యూడ్ పరీక్షలో ఈ తెలివి చూపించబోకండి. అక్కడ ప్రతి ప్రశ్నకి జవాబు ఒకటే, దారి తిన్నగా ఉంటుంది, టైమ్ తక్కువ. అక్కడ వర్టికల్ థింకింగే అన్నం పెడుతుంది. ఆ రెండూ కలిసి పనిచేయాల్సినవేనని డి బోనో కూడా అన్నాడు. ఒకటి దారి వెతకడానికి, ఇంకొకటి ఆ దారిలో నడవడానికి. ఒకప్పుడు ఇంటర్వ్యూల్లో తిరకాసు పొడుపు కథలు వేసి ఈ గుణాన్ని పరీక్షించేవారు. వాటివల్ల ఉద్యోగంలో ఎవరు రాణిస్తారో తెలియడం లేదని గూగుల్‌లో అప్పటి హెచ్‌ఆర్ అధిపతి లాజ్లో బాక్ 2013లోనే బహిరంగంగా చెప్పారు. అమీర్‌పేటలో మాత్రం ఆ పజిల్ పుస్తకాలు ఇంకా అమ్ముడుపోతూనే ఉన్నాయి.

వర్క్‌షాప్ విషయానికొస్తే, నా సలహా వద్దనే. ఇలాంటి పద్ధతులు నేర్పితే ఆలోచన నిజంగా మెరుగుపడుతుందనడానికి గట్టి ఆధారాలు లేవని మనస్తత్వ శాస్త్రవేత్తల్లో కొందరు విమర్శించారు కూడా. ఆ విమర్శ సంగతి ఎలా ఉన్నా, ఆ సర్టిఫికెట్ చూసి ఉద్యోగం ఇచ్చిన కంపెనీ ఇంతవరకు నాకు తగల్లేదు. సాధన కావాలంటే డబ్బు అక్కర్లేదు. ముగ్గురు ఫ్రెండ్స్ కూర్చుని, మీ కాలేజీ బస్సు రోజూ ఎందుకు లేటవుతోంది అన్నదే తీసుకోండి. దాని గురించి మీరు నిజమని ముందే అనుకుంటున్నవన్నీ కాగితం మీద రాయండి. బస్సు అన్ని స్టాపుల్లోనూ ఆగాలి, అందరూ ఒకే టైమ్‌కి రావాలి, ఇలాంటివి. తర్వాత ఒక్కోదాన్నీ కొట్టేసి, ఇది లేకపోతే ఏమవుతుంది అని చూడండి. పదింటిలో తొమ్మిది పిచ్చి ఐడియాలే వస్తాయి, రానివ్వండి. మీ నాన్నగారు ఖర్చు పెడతానంటే, ఆ ఆరు వేలు ఎంబెడెడ్ సి (పరికరాల్లోని చిప్‌లకి ప్రోగ్రాం రాసే భాష) నేర్చుకోవడానికో, ఒక మంచి డెవలప్‌మెంట్ బోర్డు కొనుక్కోవడానికో పెట్టమనండి. ఈసీఈ వాళ్ళకి అది కళ్ళకి కనిపించే పెట్టుబడి.

మీరు అడగలేదు గానీ, లేటరల్ ఎంట్రీ అన్న విషయం ఇంటర్వ్యూలో దాచే పని పెట్టుకోకండి. కంపెనీల ఫారాల్లో ఇంటర్ లేదా డిప్లొమా అని ఉన్నచోట డిప్లొమా మార్కులు నింపండి. ఆ గడి ఖాళీగా వదిలేస్తే కొన్ని పోర్టళ్ళు దరఖాస్తుని తీసుకోవు. ఇంటర్ అనే గడి ఒక్కటే ఉంటే, దాన్ని ఎలా నింపాలో మీ ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ని ముందే అడగండి. బీటెక్ సీజీపీఏ మీకు రెండో సంవత్సరం నుంచే లెక్కిస్తారు కాబట్టి, మొదటి సంవత్సరం సెమిస్టర్ల గడుల్లో సున్నా వేయకండి, 'వర్తించదు' అన్న ఆప్షన్ ఎంచుకోండి.