స్నేహితుల మేలు అప్పు కాదు

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. రెండేళ్ల కిందట ఉద్యోగం పోయింది. అదే సమయంలో ప్రేమించినతను విడిపోయాడు. ఇంట్లో చెప్పుకోలేకపోయాను. కాలేజీ నుంచీ ఉన్న ముగ్గురు స్నేహితురాళ్లే నన్ను నిలబెట్టారు. ఒకరు రాత్రిళ్లు నేను నిద్రపోయేదాకా ఫోన్ పెట్టేసేది కాదు. ఏమీ మాట్లాడకపోయినా తన ఆఫీసు పని చేసుకుంటూ లైన్లోనే ఉండేది. ఆ కీబోర్డు చప్పుడు వింటూ నిద్రపోయేదాన్ని. ఒకరు ఇంటర్వ్యూలకు ప్రాక్టీస్ చేయించింది. ఇంకొకరు నాలుగు నెలలు తన గదిలో ఉంచుకుని అద్దె మాటే ఎత్తలేదు. ఇప్పుడు మంచి ఉద్యోగంలో ఉన్నాను. వాళ్లలో ఒకరికి పెళ్లి కుదిరింది, గదిలో ఉంచుకున్న అమ్మాయి వచ్చే నెల పైచదువుకి విదేశం వెళ్తోంది. మనసులో మాట చెప్పాలంటే డ్రామాలా ఉంటుందేమోనని టెన్షన్. ఖరీదైన బహుమతులు కొంటే తిట్టారు. వాళ్లు ఏమడిగినా కాదనలేకపోతున్నాను. ఈమధ్య జ్వరంతో ఉండి కూడా, ఆ సంగతి చెప్పకుండా ఒకరి ఇల్లు మార్చడానికి సాయం వెళ్లాను. ‘ఈ స్నేహాలు ఎన్నాళ్లుంటాయిలే’ అంటోంది మా అక్క. వాళ్ల రుణం ఎలా తీర్చుకోను?

జవాబు: ముందు ఆ జ్వరం సంగతి మాట్లాడుకుందాం. మీ ఉత్తరంలో నన్ను ఆపింది అదే. ఒకప్పుడు నిద్ర పట్టడం లేదని అర్ధరాత్రి చెప్పుకోగలిగిన మీరు, ఇప్పుడు ఒళ్లు కాలిపోతున్నా వాళ్ల దగ్గరే దాచిపెట్టారు. అంటే మీరు స్నేహితురాలిలా కాదు, బాకీ ఉన్న మనిషిలా వెళ్లారు. కృతజ్ఞత ఉంటే ఆ మనిషికి దగ్గరవ్వాలనిపిస్తుంది. బాకీ పడ్డామన్న భావన ఉంటే ఎంత త్వరగా తీర్చేసి తేలికపడదామా అనిపిస్తుంది. కృతజ్ఞత మీద చాలాకాలంగా పరిశోధన చేస్తున్న శారా ఆల్గో అనే మనస్తత్వవేత్త ఈ రెండింటినీ విడదీసి చూడాలంటారు. మన మంచి కోరేవాళ్లను గుర్తుపట్టడానికి, ఆ బంధాన్ని గట్టిపరుచుకోవడానికి కృతజ్ఞత పనికొస్తుందన్నది ఆమె సిద్ధాంతం. మీకు ఆ బంధం ఉంది. కానీ మీరు దాన్ని ఖాతా పుస్తకంలా చూస్తున్నారు. బహుమతులు చూసి వాళ్లు ఎందుకు తిట్టారో ఇప్పుడు అర్థమై ఉంటుంది. తాము ప్రేమతో చేసినదానికి బిల్లు కట్టినట్టు అనిపించి ఉంటుంది.

అద్దె మాత్రం వేరే సంగతి. విదేశానికి వెళ్లే అమ్మాయికి ఇప్పుడు డబ్బు అవసరం ఉంటుంది. మీ వాటా ఎంతవుతుందో లెక్కేసి, ‘ఇది అద్దె, అంతే’ అని చెప్పి ఇవ్వండి. వద్దంటే ఒకసారి బతిమాలండి, రెండోసారి వద్దు. డబ్బు విషయం తేలిపోతే మిగతాది ప్రేమగానే మిగులుతుంది.

ఇక మనసులో మాట చెప్పడం. మీ టెన్షన్ మీ ఒక్కరిది కాదు. 2018లో అమిత్ కుమార్, నికొలస్ ఎప్లే అనే పరిశోధకులు కొందరి చేత, తమకు మేలు చేసినవాళ్లకు కృతజ్ఞతతో ఉత్తరాలు రాయించారు. అందుకున్నవాళ్లకు ఎలా ఉంటుందో ముందే ఊహించి చెప్పమన్నారు. ఇబ్బంది పడతారని ఊహించినంతగా వాళ్లు ఇబ్బంది పడలేదు. సంతోషం మాత్రం ఊహించినదానికంటే ఎక్కువే. రాసేవాళ్ల దిగులంతా సరైన మాటలు దొరుకుతాయా అన్నదాని మీదే ఉంటుంది. చదివేవాళ్లకు అందులోని ఆప్యాయతే కనిపిస్తుంది. కాబట్టి మీ ఉత్తరంలో తప్పులున్నా, కన్నీళ్లున్నా నష్టం లేదు.

ఏం రాయాలన్నదే అసలు సంగతి. మనం మామూలుగా ‘నువ్వు లేకపోతే నేనేమైపోయేదాన్నో’ అని మన గురించే చెప్పుకుంటాం. ఆల్గో బృందం 2016లో చేసిన ఒక అధ్యయనంలో, తమకు కలిగిన లాభం కంటే ఎదుటి మనిషి మంచితనాన్ని ఎత్తి చెప్పిన కృతజ్ఞతే విన్నవాళ్లను ఎక్కువగా కదిలించింది. మీరైతే ఇలా రాయొచ్చు: ‘నాకు మాట్లాడే ఓపిక లేదని నీకు తెలుసు. అందుకే ప్రశ్నలు వేయకుండా, ధైర్యం చెప్పకుండా నీ పని నువ్వు చేసుకుంటూ లైన్లో ఉన్నావు. ఎదుటివాళ్లకు ఏం కావాలో అంత సరిగ్గా పట్టుకోవడం నీకే చేతనవును.’ ఇలాంటి మాట ఆ అమ్మాయికి తప్ప ఇంకెవరికీ సరిపోదు. ముగ్గురికీ కలిపి గ్రూపులో ఒకే మెసేజ్ పెట్టకండి. ఫొటో పెట్టి లోకానికంతా చాటే పని తర్వాత చూసుకోవచ్చు. (నన్నడిగితే అసలు అక్కర్లేదు.)

‘మన మధ్య ఇవన్నీ ఏంటే’ అని ఎవరైనా కొట్టిపారేస్తే నొచ్చుకోకండి. పొగడ్త వింటే కొందరికి ఎక్కడ చూడాలో తెలియదు. మాట మార్చేయండి. చెప్పాల్సింది చేరిపోయింది.

ఇంకొకటి అడగనా? ఆ రెండేళ్లూ వాళ్లకు ఎలా గడిచాయి? అన్ని రాత్రులు లైన్లో ఉన్న అమ్మాయి మర్నాడు ఆఫీసుకి ఎలా వెళ్లేదో మీకు తెలుసా? కష్టంలో ఉన్నప్పుడు అడిగే స్థితిలో ఉండం, అందులో తప్పేమీ లేదు. ఇప్పుడు అడగొచ్చు. ఆమె అలసట గురించి తీరిగ్గా వినడం మీ ఖరీదైన బహుమతి కన్నా విలువైనది. మీరు మళ్లీ నిద్రపట్టని స్థితికొస్తే మాత్రం భారమంతా ఈ ముగ్గురి మీదే వేయకుండా కౌన్సెలర్‌నో డాక్టర్‌నో కలవండి.

మీ అక్క మాటలో సగం నిజముంది. మొబైల్ ఫోన్ కాల్స్‌ను పరిశీలించిన 2016 నాటి ఒక అధ్యయనంలో, మనం ఫోన్ చేసే మనుషుల సంఖ్య 25 ఏళ్ల ప్రాంతంలో అత్యధికంగా ఉండి ఆ తర్వాత తగ్గుతూ వచ్చింది. ఆ అధ్యయనం చేసిన పరిశోధకుల్లో ఒకరైన రాబిన్ డన్‌బార్, మనిషికి బాగా దగ్గరివాళ్లు సుమారు ఐదుగురే ఉంటారని చాలాకాలంగా చెబుతున్నారు. ఆ ఐదుగురిలో చోటు కోసం రేపు మీకు భర్త, పిల్లలు, అమ్మానాన్నలు అందరూ పోటీ పడతారు. జెఫ్రీ హాల్ అనే పరిశోధకుడి అంచనా ప్రకారం, ఒక కొత్త పరిచయం గాఢ స్నేహం కావాలంటే కలిసి 200 గంటలకు పైగా గడపాలి. కాలేజీలో అన్ని గంటలు మీకు తెలియకుండానే పోగయ్యాయి. ఇక ముందు ఎవరో ఒకరు పూనుకుని సమయం పెట్టాలి. ఆ పూనుకునేది మీరే అవ్వండి. నెలకోసారి ఒక రోజు ఖాయం చేసుకుని నలుగురూ వీడియో కాల్‌లో కలవండి. పెళ్లైన కొత్తలో ఆమె రెండుసార్లు రాకపోతే మూడోసారి కూడా పిలవండి.

విదేశానికి వెళ్లే అమ్మాయికి ముందు రాయండి. చివరి రోజుల్లో సామాను, కాగితాల హడావుడిలో చదివే తీరిక ఉండదు. పెళ్లి కుదిరిన అమ్మాయికి పెళ్లి అయ్యాక ఇచ్చినా పర్వాలేదు. ఇల్లు మార్చిన అమ్మాయికి మాత్రం ఆ రోజు జ్వరంతో వచ్చానని ఈ వారమే చెప్పి, తిట్లు తినండి.