పగలు కనిపించని చేప: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మూడు నెలల క్రితం నాలుగంగుళాల బ్లాక్ ఘోస్ట్ చేపను తెచ్చి రెండడుగుల ట్యాంకులో వేశాను. పగలంతా ఫిల్టర్ వెనకే ఉంటుంది, పొద్దున వేసిన గింజలు ముట్టదు. ఒక్కోసారి పక్కకు ఒరిగి కదలకుండా పడుకుంటే చచ్చిపోయిందేమోనని టెన్షన్. వారానికోసారి నీళ్లన్నీ తీసేసి, ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద శుభ్రంగా కడుగుతున్నాను, నీళ్లు అద్దంలా ఉన్నాయి. అయినా చేప చిక్కిపోతోంది. ఏదైనా జబ్బా?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: దాక్కోవడం జబ్బు కాదండీ. పక్కకు ఒరగడం కూడా ఈ చేపకు అలవాటే, ఇది పడుకునే తీరే అంత. దక్షిణ అమెరికాలో అమెజాన్ ప్రాంతపు నదుల్లో పుట్టిన జాతి ఇది, చీకటి పడ్డాకే మేతకు బయల్దేరుతుంది. చూపు అంతంతమాత్రం. తోక దగ్గరుండే ఒక అవయవంతో తన చుట్టూ సన్నటి విద్యుత్తును పుట్టించుకుని, అందులో వచ్చే తేడాను బట్టి ఎదురుగా రాయి ఉందో పురుగు ఉందో తెలుసుకుంటుంది. మన చెరువుల్లో జెల్లలు మీసాలతో తడుముకుంటూ రాత్రిపూట తిరుగుతాయి చూడండి, దీనికి ఆ పని కరెంటు చేసిపెడుతుంది.

కాబట్టి పొద్దున గింజలు వేయడం మానేయండి. లైటు ఆర్పిన అరగంటకు, గడ్డకట్టించి అమ్మే బ్లడ్ వార్మ్స్ (సన్నటి ఎర్ర పురుగులు) కరగబెట్టి, అది దాక్కునే చోటికి దగ్గరగా వదలండి. ఇంకో చిన్న ఏర్పాటు కూడా చేయండి. వేలు పట్టే వెడల్పున్న పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం, అంచులు నున్నగా చేసినది, ఇసుక మీద పడుకోబెట్టండి. ఒళ్లు నాలుగు వైపులా తగిలితే చాలు, దాక్కున్నాననే అనుకుంటుంది. నా చేప మూడో రోజుకే గొట్టంలో దూరింది. నల్లటి ఒళ్లు, ముక్కు మీదుగా వీపు దాకా తెల్లటి గీత, తోక దగ్గర రెండు తెల్లటి పట్టీలు, కడుపు కింద పట్టు రిబ్బన్‌లా అలలు అలలుగా కదిలే రెక్క... అన్నీ పట్టపగలే చూశాను. ఆ రెక్కతోనే ముందుకూ వెనక్కూ కూడా ఈదుతుంది.

ఇక నీళ్ల సంగతి. చేప చిక్కిపోవడానికి సగం కారణం అక్కడే ఉందని నా నమ్మకం. నీళ్లు తేటగా ఉన్నంత మాత్రాన మంచివి కావు. చేపకు విషమైన అమోనియాకు రంగుండదు. చేప విసర్జించేది, మిగిలిపోయిన మేత కుళ్లితే పుట్టేది అదే. దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఎక్కువగా మీరు కడిగేస్తున్న ఆ స్పాంజిలోనే ఉంటుంది. కుళాయి నీళ్లలోని క్లోరిన్ దాన్ని చంపేస్తుంది, అంటే వారం వారం ట్యాంకును మీరు మళ్లీ మొదటికి తెస్తున్నారన్నమాట. నా మొదటి ఘోస్ట్ ఇలాగే పోయింది. పాపం, నాలుగు రోజులు మేత ముట్టకపోతే కొత్త చోటు కదా అనుకున్నాను. ఐదో రోజు టెస్ట్ కిట్ తెచ్చి చూస్తే, పసుపుగా ఉండాల్సిన పరీక్షనాళిక ముదురు ఆకుపచ్చగా మారింది, అంటే నీళ్లలో అమోనియా బాగా ఎక్కువన్నమాట. రాత్రి తిరిగే చేప కష్టం పగలు మన కంటపడదు, అందుకే ఆ కిట్ ఖర్చుకు వెనకాడకండి. అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి, నైట్రేట్ లీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకపోతే మంచిది. బోరు నీళ్లయితే పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత) కూడా చూడండి. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అమోనియాలో విషపు భాగం దాదాపు పది రెట్లవుతుంది.

వారానికి నాలుగో వంతు నీళ్లే మార్చండి, కొత్త నీళ్లలో యాంటీ క్లోరిన్ చుక్కలు వేసి, పాత నీళ్ల వేడికి దగ్గరగా ఉన్నాయో లేదో చేత్తో తాకి చూసి పోయండి. స్పాంజిని తీసిన పాత నీళ్లలోనే బకెట్‌లో రెండుసార్లు పిండితే చాలు. పొద్దున లేవగానే టార్చి వేసి గొట్టం కింద, రాళ్ల సందుల్లో మిగిలిన పురుగులను సైఫన్‌తో లాగేయండి, లేకపోతే రాత్రి మేత సాయంత్రానికల్లా కుళ్లిపోతుంది.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ చేప ట్యాంకులో కూడా అడుగు దాటి పెరుగుతుంది. రెండడుగుల ట్యాంకు కొన్నాళ్లకే సరిపోతుంది. ఐదారడుగుల ట్యాంకుకు చోటు లేకపోతే, ఉన్నవాళ్లకు ఇప్పుడే ఇచ్చేయండి.

ప్రశ్న: కూలీ లోచ్‌లు (పాముల్లా సన్నగా ఉండే చిన్న చేపలు) ఆరు ఉన్నాయి, ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు వచ్చాయి. షాపులో ఉప్పు, నీలం మందు రెండూ వేసేయమన్నారు.
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: రెండూ ఒకేసారి వద్దమ్మా. కూలీ లోచ్‌కు, పైన చెప్పిన ఘోస్ట్‌కు కూడా పొలుసులు మరీ చిన్నవి, మందు ఘాటును ఇవి తట్టుకోలేవు. సీసా మీద రాసినదాంట్లో సగం మోతాదుతో మొదలుపెట్టండి, ఫిల్టర్‌లో బొగ్గు ఉంటే ముందే తీసేయండి, లేకపోతే మందును అదే పీల్చేసుకుంటుంది. చుక్కలు మాయమవగానే ఆపకండి. ఈ చుక్కలకు కారణం ఒక పరాన్నజీవి, చేప ఒంటి మీదున్నంత కాలం దానికి మందు తగలదు, కిందపడి పిల్లలు చేసి అవి నీళ్లలో ఈదుతున్నప్పుడే చస్తాయి. అందుకే ఇంకో వారం కొనసాగించాలి.

ప్రశ్న: మొక్కలు బాగా పెరిగిన ట్యాంకులో తలకిందులుగా ఈదే క్యాట్‌ఫిష్‌లు పెంచుతున్నాను. తెల్లవారుజామున చూస్తే పైకొచ్చి గబగబా నోరు ఆడిస్తున్నాయి. పగలు బాగానే ఉంటాయి.
- ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: మీ ఊళ్లో ఏ చెరువు రైతును అడిగినా చెబుతాడు. చేపలు, రొయ్యల చెరువుల్లో తెల్లవారుజామునే ఏరేటర్లు ఎందుకు తిప్పుతారు? పగలు ఎండలో ఆక్సిజన్ ఇచ్చే మొక్కలూ నాచూ రాత్రి తిరిగి ఆక్సిజన్‌నే వాడుకుంటాయి, తెల్లవారేసరికి అది అడుగంటుతుంది. మీ ట్యాంకులోనూ అంతే, పైగా మీ చేపలు సరిగ్గా ఆ చీకటి వేళలోనే తిరుగుతాయి కనుక వాటికి గాలి ఎక్కువ కావాలి. తలకిందులుగా ఉండటం వాటి తీరు, దానికి కంగారు పడనక్కర్లేదు, గబగబా నోరు ఆడించడం మాత్రం పట్టించుకోవాలి. లైటు ఆర్పగానే గాలి పంపు వేసి పొద్దున్నదాకా ఉంచండి. ఎండాకాలంలో వేడి నీళ్లలో ఆక్సిజన్ ఇంకా తక్కువ నిలుస్తుంది, కరెంటు పోయే ఊరైతే బ్యాటరీతో నడిచే చిన్న పంపు ఒకటి తెచ్చి పక్కన పెట్టుకోండి.