సామాను దగ్గర నిలిచినవారి గురించి రాసేటప్పుడు

ప్రభువునందు ప్రియమైన సోదరికి వందనాలు.

మీరు పంపిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. సైనికుడైన భర్త దూరాన విధుల్లో ఉండగా పిల్లలతో ఒంటరిగా గడిపిన నెలలను గురించిన ఆ పుటల్లో వాక్యభాగాలు చాలా ఉన్నాయి గాని, మీరు ఓర్పు కోల్పోయిన సందర్భం ఒక్కటీ లేదు. కోపం, విసుగు ఎరుగని మనిషి ఓర్పును గురించి చెబితే పాఠకుడు మర్యాదకు వింటాడే తప్ప నమ్మడు. విశ్వాసి సణగకూడదన్న జంకుతో వాటిని మీరే తీసివేసి ఉంటారని అనుకుంటున్నాను. అయితే 13వ కీర్తన తెరిచి చూడండి. ఆరే వచనాలున్న ఆ ప్రార్థనలో, మొదటి రెండింటిలోనే కీర్తనకారుడు ఇంకెంతకాలమని దేవుణ్ణి నాలుగుసార్లు నిలదీశాడు. స్తుతి చివరన వస్తుంది, అదీ ఆ ప్రశ్నలకు జవాబు దొరకకముందే. మీ రచనలోనూ ఆ క్రమాన్ని పాటించండి.

ఎదురుచూశానని రాసి సరిపెట్టవద్దు. సెలవు మంజూరైందని చెప్పిన గొంతే వారం తిరగకుండా అది రద్దయిందని ఫోనులో చెప్పినప్పుడు, పిల్లవాడు క్యాలెండరులో సున్నా చుట్టిన తేదీని మీరు ఏం చేశారు? ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో వాడు నాన్న పేరు ఎత్తకపోతే గుర్తుచేశారా, ఊరుకున్నారా? విశ్వాసానికి కలిగే పరీక్ష ఓర్పును పుట్టిస్తుందని యాకోబు పత్రిక మొదటి అధ్యాయం చెబుతుంది. పరీక్ష జరిగేది ఇటువంటి చోటే కాబట్టి, వచనాన్ని ఉదహరించే ముందు ఈ చోటును పాఠకుడికి చూపాలి.

సైనిక కుటుంబాలను తాకే భాగం బైబిలులో దొరకలేదని మీ ఉత్తరంలో అన్నారు. మొదటి సమూయేలు 30వ అధ్యాయం చదవండి. దావీదు, అతని వెంట ఉన్న 600 మంది మూడవ నాడు సిక్లగుకు తిరిగివచ్చేసరికి ఊరు కాలిపోయింది, భార్యాబిడ్డలు చెరలోకి పోయారు. ఆ యోధులు ఏడ్చే శక్తి లేకపోయేదాకా ఏడ్చారు, ఆ దుఃఖంలోనే దావీదును రాళ్లతో కొట్టాలనీ అనుకున్నారు. తరువాత శత్రువును తరిమి వెళ్లగలిగినవారు 400 మందే; అలసిపోయిన 200 మంది బెసోరు వాగు దగ్గర ఆగిపోయారు. గెలిచి తిరిగివచ్చాక, ఆగినవారికి కొల్లసొమ్ములో వాటా ఎందుకని కొందరు అడ్డుపడితే, యుద్ధానికి వెళ్లినవానికెంతో సామాను దగ్గర నిలిచినవానికీ అంతేనని దావీదు కట్టడ చేశాడు. ఆగినవారూ సైనికులే, ఇల్లాళ్లు కారు, నిజమే. అయినా ఇంటి దగ్గర నిలిచినవారి పాటును తక్కువ చేయరాదనడానికి ఇంతకంటె గట్టి ఆధారం నాకు కనబడలేదు.

మీ భర్త క్షేమంగా ఇల్లు చేరడంతో, ప్రార్థన ఫలించిందన్న మాటతో మీ వ్యాసం ముగిసింది. ఈ ముగింపును నేను ఒప్పుకోలేను. తిరిగిరాని సైనికుల భార్యలూ అదే ప్రార్థన చేశారు. వారిలో ఒకరు చదువుతున్నారని తలచుకొని ఆ వాక్యాన్ని మీరే మరొకసారి చదవండి. పైగా ఇల్లు చేరిన తరువాతి వారాలు ఎంత కష్టమో మీకు తెలియనిది కాదు. తండ్రి ఎదురుగా నిలబడి ఉన్నా, ఆడుకోవడానికి వెళ్లనా అని పిల్లవాడు తల్లినే అడుగుతాడు. ఇన్నాళ్లు ఒకరే మోసిన ఖర్చులు, తాళాలు, నిర్ణయాలు మళ్లీ ఇద్దరివి కావాలి, ఆ మార్పు ఇద్దరికీ గుచ్చుకుంటుంది. ఓర్పు ఎక్కువగా కావలసింది ఆ రోజుల్లోనే, కాని వాటిని గురించి రాసేవారు అరుదు. మీరు రాయగలరు.

దళం పేరు, స్థలం, కదలికల తేదీలు మాత్రం ఎక్కడా రానీయవద్దు. ఇది రచనకు సంబంధించిన నియమం కాకపోయినా అన్నిటికంటె ముందు పాటించవలసినది. రెండవ ప్రతి పూర్తయ్యాక ముందుగా ఆయనకు చూపించి, ఆయన సరేనన్న తరువాతే నాకు పంపండి.