యుద్ధకాలపు నిర్బంధ శిబిరాల్లో ఖైదీలు బొమ్మలు ఎలా చెక్కారు? పనిముట్లు ఎక్కడివి?

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా పెట్టిన శిబిరాల సంగతి చెప్తాను. 1942లో దాదాపు 1,20,000 మంది జపాన్ సంతతివాళ్లను ఇళ్లు ఖాళీ చేయించి, ముళ్లకంచెల వెనక్కి తోలారు. వాళ్లలో ఎక్కువమంది అమెరికాలోనే పుట్టిన పౌరులు! చేతికందినంత సామాను మాత్రమే తెచ్చుకోనిచ్చారు.

కాబట్టి పనిముట్లు కూడా చాలావరకు సొంత తయారీయే. పాత ఇనుప ముక్కో, అన్నాల గదిలోని కత్తో దొరికితే రాతి మీద అరగదీసి ఉలి చేసుకునేవారు. ఇక చెక్కంటారా, పండ్ల పెట్టెలు, ఖైదీలుండే షెడ్లు కట్టగా మిగిలిన ముక్కలు.

నాకు బాగా నచ్చేవి పిట్ట బ్రోచీలు, అంటే బట్టలకు గుచ్చుకునే అలంకారపు పిన్నులు. బొటనవేలంత పిట్టను చెక్కి, నున్నగా రుద్ది, ఈకకు ఈక రంగు వేసేవారు. కాళ్లకేమో కిటికీ జాలీ అంచుల్లో కత్తిరించిన తీగ ముక్కలు. వెనకాల ఓ పిన్నీసు. పిట్టల రంగులు తప్పు పోకుండా పత్రికల్లోని బొమ్మలు చూసేవారట.

కాలిఫోర్నియాలోని టూలీ లేక్ శిబిరం ఎండిన చెరువు మీద కట్టింది. అక్కడ నేల తవ్వితే చిట్టి గవ్వలు దొరికేవి. వాటిని కడిగి, సైజుల వారీగా ఏరి, పూల బ్రోచీలు కూర్చేవారు.

చేసినవాళ్లలో చాలామంది రైతులు, జాలర్లు, అంతకుముందు ఉలి పట్టనివాళ్లు. 2015లో ఇలాంటి వస్తువుల్ని వేలానికి పెడితే వాళ్ల వారసులు గొడవ చేసి ఆపించారు. ఇప్పుడవి లాస్ ఏంజిలిస్‌లోని జపనీస్ అమెరికన్ నేషనల్ మ్యూజియం దగ్గరున్నాయి.